పోర్ట్రెయిట్ ఫోటోని లేయర్లతో రీటచ్ చేయడం ఎలా: చర్మం చర్మంలాగే కనిపించాలంటే

"రీటచ్ చేశాక ముఖం మైనపు బొమ్మలా అయిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?" ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వాళ్ళ ఫైలు తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. ఉన్నది ఒక్క లేయర్, అంటే ఫోటో మీద ఒకదానిపై ఒకటి పరుచుకునే పొరల్లో ఒక్కటే. మొటిమలు తుడిచింది దానిమీదే, బ్లర్ కొట్టింది దానిమీదే, కళ్ళు తెల్లగా చేసిందీ దానిమీదే. ఏది ఎక్కువైందో తెలిసినా దాన్నొక్కదాన్నే తగ్గించడానికి దారి ఉండదు. ఫైలు మూసేశాక అండూ కూడా ఉండదు.

అందుకే ఈ పద్ధతి మొత్తం ఒక్క అలవాటు మీద నడుస్తుంది: ఒక్కో పనికి ఒక్కో లేయర్, ఒరిజినల్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. మిగతావన్నీ చేయి తిరిగేకొద్దీ వచ్చేస్తాయి.

ఇక్కడ ఫోటోషాప్ పేర్లు, షార్ట్‌కట్‌లు వాడుతున్నాను. ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తేడాలు కొన్ని విడిగా చెబుతాను. బ్రౌజర్‌లో పనిచేసే ఫోటోపీలో మెనూలు దాదాపు ఫోటోషాప్‌లాగే ఉంటాయి కాబట్టి ఇవే అడుగులు అక్కడా పనికొస్తాయి. మ్యాక్ వాడేవాళ్ళు కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ నొక్కాలి.

ఏమేం కావాలి

- లేయర్లు, మాస్క్‌లు (లేయర్‌లో ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పేవి) ఉన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. ఫోన్ యాప్‌లో ఒక్క స్లైడర్‌తో చర్మం నున్నగా చేసేవి ఈ పనికి పనికిరావు.
- కెమెరా నుంచి నేరుగా తీసిన ఫైలు. రా ఫైలైతే (కెమెరా సెన్సర్ పట్టిన వివరాన్ని జేపీజీగా మార్చకుండా దాచే ఫైలు) మరీ మంచిది. మెసేజ్ యాప్‌లో వచ్చిన ఫోటో వద్దు. అది కుదించుకుపోయి వస్తుంది, చర్మ రంధ్రాలు అప్పటికే చెరిగిపోయి ఉంటాయి. లేని వివరాన్ని కాపాడటం ఎవరివల్లా కాదు.
- 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు, 16 ఉంటే హాయిగా ఉంటుంది. లేయర్లు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కుతుంది.
- పెన్ టాబ్లెట్ ఉంటే చేయి తేలిగ్గా ఆడుతుంది. లేకపోయినా ఫర్వాలేదు, నేను చాలాకాలం మౌస్‌తోనే చేశాను.
- స్క్రీన్ మీద నైట్ మోడ్ ఆఫ్ చేసి ఉండాలి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, స్క్రీన్ పసుపు తిరిగి ఉంటే మీరు ఫోటోని తెలియకుండానే నీలం వైపు లాగేస్తారు. తెల్లారి చూసుకుంటే ముఖం పాలిపోయి ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది

బ్రష్ పట్టుకునే ముందు ఫోటోని స్క్రీన్‌కి సరిపడా పెట్టుకుని రెండు నిమిషాలు ఊరికే చూడండి. ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. నేను పెట్టుకున్న లెక్క ఇది: రెండు వారాల్లో దానంతటదే పోయేదాన్ని తీసేస్తాను. మొటిమ, గీరుకున్న గీత, దోమకాటు, పెదవి మీద పొక్కు, రాలిపడ్డ మేకప్ ఇలాంటివి. పోనిదాన్ని ఉంచుతాను. పుట్టుమచ్చ, పాత గాయం గుర్తు, నవ్వితే పడే సొట్ట, వయసు తెచ్చిన ముడత. వీటిని తీయాలో వద్దో ఫోటోలో ఉన్న మనిషే చెప్పాలి. వాళ్ళని అడగండి.

చర్మం ఛాయ సంగతి కూడా ఇక్కడే చెబుతున్నాను. వెలుతురు తక్కువై ముఖం చీకటిగా పడితే ఎక్స్‌పోజర్ పెంచడం సరైన పనే. మనిషి రంగునే మార్చి తెల్లగా చేయడం మాత్రం రీటచింగ్ కాదు. ఎవరైనా అడిగినా నేను చేయను, మీరూ చేయొద్దనే నా మనవి.

1. ఒరిజినల్‌ని తాళం వేసి ఉంచండి

ఫైలు తెరిచిన వెంటనే మరో పేరుతో పీఎస్‌డీగా (లేయర్లని విడివిడిగానే దాచే ఫోటోషాప్ ఫైలు) సేవ్ చేయండి. జింప్‌లో అయితే ఎక్స్‌సీఎఫ్. రా ఫైలు నుంచి వస్తుంటే 16 బిట్‌లో తెరవండి, అందులో రంగుల మెట్లు చాలా ఎక్కువ. 8 బిట్‌లో నెమ్మదిగా మారే నీడల దగ్గర, ముఖ్యంగా నుదుటి మీద, సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద, చారలు కట్టే ప్రమాదం ఎక్కువ. ఉన్నది 8 బిట్ జేపీజీ మాత్రమే అయితే దానితోనే కానివ్వండి.

బ్యాక్‌గ్రౌండ్ లేయర్ పక్కన చిన్న తాళం గుర్తు ఉంటుంది. దాన్ని విప్పొద్దు. ఇక నుంచి మనం చేసేదంతా దాని పైనే.

2. లేయర్ల వరస ముందే అనుకోండి

కింది నుంచి పైకి నా వరస ఇలా ఉంటుంది: బ్యాక్‌గ్రౌండ్, మచ్చలు, కళ్ళ కింద, వెంట్రుకలు, వెలుగునీడలు, చర్మం రంగు, కళ్ళు, పళ్ళు, అన్నిటికంటే పైన చెకింగ్ లేయర్. పేర్లు తప్పకుండా పెట్టండి. "లేయర్ 1 కాపీ 3" అని ఉంటే వారం తర్వాత అదేమిటో మీకే గుర్తుండదు.

ఈ వరసకి కారణం ఉంది. మచ్చలు తీసే టూల్స్ కింద ఉన్న పిక్సెళ్ళను కాపీ చేస్తాయి. పైన కర్వ్స్ లేయర్ (ఒక గీతని వంచి వెలుతురు పెంచే, తగ్గించే లేయర్) వెలిగి ఉండగా అన్ని లేయర్ల నుంచీ కాపీ చేస్తే, అప్పటికే వెలుతురు పెరిగిన పిక్సెళ్ళు కిందికి వస్తాయి. వాటి మీద కర్వ్స్ మళ్ళీ పనిచేస్తుంది. మచ్చ తీసినచోట వెలిసిపోయిన చుక్క మిగులుతుంది. అందుకని పిక్సెళ్ళను మార్చే పనులు కింద, రంగు, వెలుతురు సర్దే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు పైన.

3. మచ్చలు, మొటిమలు

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత చేసినా కుదరదు. అందుకే ఎక్కువసేపు పట్టినా సరే నిదానంగా చేయండి.

ఒక ఖాళీ లేయర్ తెరిచి "మచ్చలు" అని పేరు పెట్టండి. జూమ్ 100 శాతానికి పెట్టండి. హీలింగ్ బ్రష్ (ఒకచోటి చర్మాన్ని తెచ్చి మచ్చ మీద కలిపేసే టూల్) తీసుకుని పైన ఆప్షన్ల వరసలో శాంపుల్ దగ్గర "కరెంట్ అండ్ బిలో" ఎంచుకోండి. ఇది మరిచిపోతే ఖాళీ లేయర్ మీద బ్రష్ ఏమీ చేయదు, మీరేమో టూల్ పాడైందనుకుంటారు. స్పాట్ హీలింగ్ బ్రష్ అయితే "శాంపుల్ ఆల్ లేయర్స్" అన్న గడిలో టిక్ పెట్టాలి.

రెండింటిలో దేన్ని వాడాలి? విడిగా ఉన్న చిన్న మొటిమకి స్పాట్ హీలింగ్ చాలు, మీద నొక్కితే పోతుంది. కనుబొమ్మ పక్కన, పెదవి అంచున, జుట్టు మొదళ్ళ దగ్గర మాత్రం అది పక్కనున్న వెంట్రుకనో, పెదవి రంగునో లాక్కొస్తుంది. అలాంటిచోట మామూలు హీలింగ్ బ్రష్‌తో, ఎక్కడి నుంచి తీసుకోవాలో ఆల్ట్ నొక్కి మీరే చూపించండి. అంచుకు మరీ ఆనుకుని ఉంటే హీలింగ్ వద్దు, మురికి పట్టినట్టు అవుతుంది. ఒకచోటి పిక్సెళ్ళని ఉన్నవున్నట్టు ఇంకోచోట వేసే క్లోన్ స్టాంప్ వాడండి.

బ్రష్ మచ్చ కంటే కొంచెమే పెద్దదిగా ఉండాలి. స్క్వేర్ బ్రాకెట్ కీలతో సైజు మారుతుంది. పెద్ద బ్రష్‌తో ఒక్క దెబ్బకి చెంపంతా రుద్దితే రంధ్రాల వరస చెదిరిపోతుంది. ఒక్కో మచ్చకి ఒక్కో నొక్కు. నొక్కిన చోటు బాగా రాకపోతే దాని మీదే మళ్ళీ మళ్ళీ నొక్కకండి, కంట్రోల్ + జెడ్ కొట్టి వేరే చోటు నుంచి తీసుకోండి. ఒకేచోట నాలుగైదుసార్లు హీల్ చేస్తే చర్మం మసకబారుతుంది. "బ్లర్ వాడలేదు, అయినా నున్నగా అయిపోయింది" అనేవాళ్ళలో చాలామంది చేసేది ఇదే.

ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నది మరో సంగతి. ముక్కు మీది చర్మం వేరు, చెంపది వేరు, నుదుటిది వేరు. ముక్కు మీది రంధ్రాలు పెద్దవి. వాటిని తెచ్చి కంటి కింద పెడితే దూరం నుంచే తెలిసిపోతుంది. వీలైనంతవరకు ఆ మచ్చ పక్కనున్న చర్మం నుంచే, వెలుతురు అదే వైపు నుంచి పడుతున్నచోటి నుంచే తీసుకోండి.

జింప్‌లో: ఒరిజినల్ లేయర్‌ని డూప్లికేట్ చేసి ఆ నకలు మీద హీల్ టూల్ వాడండి. ఎక్కడి నుంచి తీసుకోవాలో కంట్రోల్ నొక్కి చూపించాలి. ఫైలు కాస్త పెరుగుతుంది కానీ ఒరిజినల్ కింద భద్రంగానే ఉంటుంది.

ఎలా సరిచూసుకోవాలి: లేయర్ పక్కనున్న కన్ను గుర్తుని ఆపి, వెలిగించి చూడండి. మచ్చలు మాత్రమే వస్తూ పోతూ ఉండాలి. చర్మం నునుపు మారుతున్నట్టు అనిపిస్తే ఎక్కడో ఎక్కువ రుద్దారు. ఆల్ట్ నొక్కి అదే కన్ను గుర్తు మీద నొక్కితే ఆ ఒక్క లేయరే కనిపిస్తుంది. అక్కడ చెదురుమదురుగా చిన్న చిన్న ముక్కలు కనిపించాలి. ముఖం ఆకారమంతా కనిపిస్తోందంటే సగం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టండి.

పుట్టుమచ్చని తీయమని వాళ్ళే చెప్పినా దానికి వేరే లేయర్ పెట్టండి. నేను మొదట్లో ఒకరి పై పెదవి మీది పుట్టుమచ్చని మిగతా మచ్చలతో కలిపి తీసేసి, లేయర్లన్నీ కలిపి సేవ్ చేసి ఇచ్చేశాను. ఫోటో చూసిన వాళ్ళమ్మగారు మొదటిమాటే "ఇది మా అమ్మాయిలా లేదు" అన్నారు. దాన్నొక్కదాన్ని తిరిగి తెచ్చే వీలు లేక మొత్తం ఫోటో మళ్ళీ చేశాను. అప్పటినుంచి నా ఫైళ్ళలో "పుట్టుమచ్చ" అని విడిగా ఒక లేయర్ ఉంటుంది.

4. కళ్ళ కింద నలుపు, ముడతలు

ఇంకో ఖాళీ లేయర్. హీలింగ్ బ్రష్‌తో చెంప పైభాగం నుంచి చర్మం తీసుకుని కంటి కింది నలుపు మీద పూర్తిగా వేసేయండి. మొహమాటపడొద్దు, ఈ దశలో అసహజంగా కనిపించినా ఫర్వాలేదు. ఇప్పుడు లేయర్ ఒపాసిటీని (లేయర్ ఎంత గాఢంగా కనిపించాలో చెప్పే అంకె) సున్నాకి తెచ్చి నెమ్మదిగా పెంచుకుంటూ రండి. అలసట పోయినట్టు అనిపించిన చోట ఆగండి. నాకు ఎక్కువగా 40 నుంచి 60 శాతం మధ్య కుదురుతుంది.

కంటి కింద చిన్న గుంట అందరికీ ఉంటుంది, పసిపిల్లలకి కూడా. దాన్ని మొత్తం పూడ్చేస్తే కన్ను ముఖానికి అతికించినట్టు ఉంటుంది. నవ్వు ముడతలకీ ఇదే పద్ధతి: లోతు తగ్గించండి, గీతని మాత్రం ఉండనివ్వండి.

5. చెదిరిన వెంట్రుకలు

కొత్త లేయర్, క్లోన్ స్టాంప్. లేత బ్యాక్‌గ్రౌండ్ మీద నల్లటి వెంట్రుక ఉంటే టూల్ మోడ్‌ని "లైటెన్" చేయండి. నల్లటి పిక్సెళ్ళు మాత్రమే మారతాయి, బ్యాక్‌గ్రౌండ్ చెదరదు. చీకటి బ్యాక్‌గ్రౌండ్ మీద మెరిసే వెంట్రుక అయితే "డార్కెన్". ముఖానికి అడ్డంగా పడ్డవాటిని, తల నుంచి విడిగా లేచి నిలబడ్డవాటిని తీస్తే చాలు. తల చుట్టూ గీత గీసినట్టు శుభ్రం చేస్తే విగ్గు పెట్టినట్టు ఉంటుంది.

6. వెలుగునీడలు సర్దడం: డాడ్జ్ అండ్ బర్న్

చర్మం ఎగుడుదిగుడుగా కనిపించడానికి ఎక్కువసార్లు కారణం మచ్చలు కావు. చిన్న చిన్న చీకటి, వెలుగు పట్టీలు. మొటిమ తగ్గినచోట కాస్త నీడ, దాని పక్కన కాస్త మెరుపు. బ్లర్ కొడితే ఇవి పోతాయి, వీటితో పాటు చర్మం కూడా పోతుంది. డాడ్జ్ అండ్ బర్న్‌లో చీకటిగా ఉన్నదాన్ని కొంచెం వెలిగిస్తాం, వెలుగుగా ఉన్నదాన్ని కొంచెం తగ్గిస్తాం. రంధ్రం రంధ్రంలాగే ఉంటుంది.

చేసే విధానం:

ఆల్ట్ నొక్కి కొత్త లేయర్ గుర్తు మీద నొక్కండి. ఒక డబ్బా తెరుచుకుంటుంది. మోడ్ "సాఫ్ట్ లైట్" పెట్టి, కింద 50 శాతం గ్రే నింపమనే గడిలో టిక్ పెట్టండి. స్క్రీన్ మీద ఏమీ మారదు, మారకూడదు కూడా. సాఫ్ట్ లైట్‌లో నడిమి గ్రే కనిపించదు. జింప్‌లో అయితే కొత్త లేయర్‌ని ఎరుపు, పచ్చ, నీలం మూడూ 128 ఉన్న గ్రేతో నింపి, మోడ్‌ని సాఫ్ట్ లైట్ చేయండి.

బ్రష్ తీసుకోండి. అంచు మెత్తగా, హార్డ్‌నెస్ 0. ఒపాసిటీ 100, ఫ్లో (బ్రష్ కదిపినప్పుడు ఎంత రంగు పడాలో చెప్పేది) 2 లేదా 3 శాతం. ఈ ఫ్లో అంకె చూసి చాలామంది "ఏమీ పడటం లేదు" అని 20కి పెంచేస్తారు. పెంచకండి. ఒక్క గీతలో ఏమీ తెలియకూడదు, అయిదారు గీతల తర్వాత తెలియాలి. డి నొక్కితే రంగులు నలుపు, తెలుపు అవుతాయి, ఎక్స్ నొక్కితే అటూ ఇటూ మారతాయి. ఎడమ చేయి ఎక్స్ మీదే ఉంచుకోండి.

పనికి ముందు అన్నిటికంటే పైన ఒక చెకింగ్ లేయర్ పెట్టుకోండి. బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఒకటి, దాని మీద కాంట్రాస్ట్ కొంచెం పెంచిన కర్వ్స్ ఒకటి. రెండింటినీ ఒక గ్రూపులో వేసి "చెకింగ్" అని పేరు పెట్టండి. రంగు పోగానే చర్మం మీది పట్టీలన్నీ బయటపడతాయి. అంతవరకు కనబడని మచ్చలు ఇన్ని ఉన్నాయా అని మొదటిసారి టెన్షన్ పడతారు. అన్నీ సర్దాల్సిన పని లేదు. మామూలు దూరం నుంచి కంటికి తగిలేవి సర్దితే చాలు.

ఇప్పుడు చీకటి చుక్క మీద తెలుపుతో, మెరిసే చుక్క మీద నలుపుతో, పక్కనున్న చర్మంతో కలిసేవరకు నెమ్మదిగా వేయండి. బ్రష్ సైజు ఆ చుక్కంతే ఉండాలి. 100 శాతం జూమ్‌లో కొన్ని సర్దాక ఒకసారి వెనక్కి వచ్చి 33 శాతంలో చూడండి. దగ్గర నుంచే చూస్తూ కూర్చుంటే రంధ్రాన్ని కూడా తప్పుగా లెక్కేసి చెరిపేస్తారు. ఈ పనిలో నాకు తెలిసిన పెద్ద ఉచ్చు ఇదే.

ఎక్కువైనచోట చెరిపే రబ్బరు వాడొద్దు. 50 శాతం గ్రే రంగుతో అక్కడ వేయండి, మళ్ళీ మొదటికొస్తుంది. ఎక్కడ ఎంత వేశారో చూడాలంటే ఆల్ట్ నొక్కి ఈ లేయర్ కన్ను మీద నొక్కండి. గ్రే మీద మబ్బుల్లా లేత మరకలు కనిపించాలి. గట్టి తెల్లగీతలు, నల్లగీతలు కనిపిస్తే ఫోటోలోనూ కనిపిస్తాయి.

కొన్నిసార్లు నలుపు వేసినచోట చర్మం కాస్త ఎర్రగా తిరుగుతుంది. కంగారుపడొద్దు, దాని సంగతి 8వ అడుగులో చూస్తాం.

ముఖానికి రూపం ఇవ్వాలనుకుంటే ఇంకో గ్రే లేయర్ విడిగా తీసుకోండి. దవడ కింద, చెంప ఎముక కింద అప్పటికే ఉన్న నీడని కొంచెం పెంచవచ్చు. లేని నీడని కొత్తగా పుట్టించకండి. వెలుతురు కుడివైపు నుంచి వస్తుంటే కుడి చెంప మీద నీడ ఎలా పడుతుంది?

7. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ కావాలా?

ఇది అడగనివాళ్ళు లేరు. చర్మం నునుపుని (అంటే రంధ్రాలు, సన్నని గీతలు), రంగుని రెండు లేయర్లుగా విడదీసే పద్ధతి ఇది. పని వేగంగా అవుతుంది. నా అభిప్రాయం: డాడ్జ్ అండ్ బర్న్ చేయి తిరిగేవరకు దీని జోలికి వెళ్ళకండి. మైనపు బొమ్మ ముఖాల్లో సగానికి పైగా దీన్ని అతిగా వాడినవే నేను చూశాను. అయినా పెద్ద ఎర్రమచ్చలు, మేకప్ అతుకులు ఉన్నప్పుడు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను.

వెంట్రుకల లేయర్ మీద నిలబడి, దాని పైనున్న లేయర్లన్నీ ఆపేసి, కంట్రోల్ + షిఫ్ట్ + ఆల్ట్ + ఇ నొక్కండి. కింద చేసిందంతా ఒక కొత్త లేయర్‌గా వస్తుంది. దానికి నకలు తీయండి. కిందిది "రంగు", పైది "నునుపు". ముందు పైది ఆపి, "రంగు" లేయర్‌కి గాసియన్ బ్లర్ (మసకబరిచే ఫిల్టర్) ఇవ్వండి. రంధ్రాలు అప్పుడే మాయమై, ముఖం ఆకారం ఇంకా తెలుస్తూ ఉన్నచోట ఆగండి. 24 మెగాపిక్సెల్ ఫోటోలో ముఖం పెద్దగా ఉంటే నాకు 6 నుంచి 10 పిక్సెళ్ళ మధ్య సరిపోతుంది.

తర్వాత "నునుపు" లేయర్ వెలిగించి, ఇమేజ్ మెనూలో అప్లై ఇమేజ్ తెరవండి. లేయర్ దగ్గర "రంగు" ఎంచుకోండి. 8 బిట్ ఫైలైతే బ్లెండింగ్ సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. 16 బిట్ అయితే ఇన్వర్ట్ టిక్ పెట్టి, బ్లెండింగ్ యాడ్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. ఓకే చేసి లేయర్ మోడ్‌ని "లీనియర్ లైట్" చేయండి.

ఇక్కడ తప్పకుండా ఆగి చూడాలి: రెండు లేయర్లూ వెలిగి ఉన్నప్పుడు ఫోటో ముందున్నట్టే, అచ్చంగా అలాగే ఉండాలి. రంగు మారినా, అంచులు గీతలు కట్టినా అంకెల్లో ఎక్కడో తప్పు జరిగింది. సర్దుకుందాంలే అని ముందుకి వెళ్ళకండి, మళ్ళీ చేయండి.

ఇక "రంగు" లేయర్ మీద లాసోతో (చేత్తో గీసి చోటు ఎంచుకునే టూల్) మరక ఉన్న చోటు మాత్రమే చుట్టి, అంచు మెత్తబడేలా ఫెదర్ 15 నుంచి 25 ఇచ్చి, కొంచెం గాసియన్ బ్లర్ ఇవ్వండి. చీకటి, వెలుగు కలిసే అంచుల మీదుగా, ముక్కు పక్కన, దవడ గీత మీద లాసో వేయొద్దు. నీడ వెలుతురులోకి పాకి ముఖం చదునైపోతుంది. జింప్‌లో ఫిల్టర్స్ మెనూలోని ఎన్‌హాన్స్ కింద వేవ్‌లెట్ డీకంపోజ్ ఉంటుంది, అది ఫోటోని ఇలాగే పొరలుగా విడదీసి ఇస్తుంది.

ఒక ఇబ్బంది ఉంది. ఈ రెండు లేయర్లు చేశాక కింద మచ్చల లేయర్లో ఏం మార్చినా పైకి కనబడదు. అందుకే హీలింగ్ పూర్తిగా అయ్యాకే దీనికి రావాలి.

8. చర్మం రంగు

చెంపల మీద ఎరుపు, ముక్కు కొన మీద ఎరుపు, ముఖానికీ మెడకీ తేడా. వీటికి ఒక ఖాళీ లేయర్, మోడ్ "కలర్". పక్కనున్న మంచి చర్మం రంగుని బ్రష్‌తో ఆల్ట్ నొక్కి తీసుకుని, ఫ్లో 5 శాతంతో మెత్తగా వేయండి. చివర్లో లేయర్ ఒపాసిటీ తగ్గించండి. ఎరుపు మొత్తం పోతే మనిషిలో రక్తం లేనట్టు ఉంటుంది. పెదవులు, చెవులు, చెంపలు కాస్త ఎర్రగానే ఉండాలి.

ఎరుపు ఎక్కువ చోట్ల ఉంటే హ్యూ/శాచురేషన్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ తీసుకుని, రెడ్స్ ఎంచుకుని శాచురేషన్ (రంగు గాఢత) కొంచెం దించండి. తర్వాత మాస్క్ మీద నొక్కి కంట్రోల్ + ఐ కొట్టండి. మాస్క్ నల్లబడి ప్రభావం మాయమవుతుంది. కావలసినచోట తెలుపుతో వేసి తిరిగి తెచ్చుకోండి. మాస్క్‌లో గుర్తుంచుకోవాల్సింది ఇంతే: తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది. మాస్క్ బదులు పొరపాటున లేయర్ మీదే నల్లరంగు వేసేయడం కొత్తవాళ్ళు రోజూ చేసే తప్పు. లేయర్ల జాబితాలో మాస్క్ బొమ్మ చుట్టూ గీత ఉందో లేదో చూసుకుని బ్రష్ కదపండి.

మెడ, చేతులు మరిచిపోకండి. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు ఉన్న ఫోటోని ఎవరైనా పట్టేస్తారు.

9. కళ్ళు, పళ్ళు

కళ్ళకి కర్వ్స్ లేయర్, మధ్యలో కొంచెం పైకి లాగి, మాస్క్ నల్లగా చేసి, నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు వలయం మీద మాత్రం తెలుపు వేయండి. వెలుతురు పైనుంచి పడితే ఆ వలయంలో కింది సగం మెరుస్తుంది. అక్కడే పెంచండి. కంట్లో పడిన లైటు మెరుపుని ముట్టుకోకండి, కంటికి ప్రాణం అదే. కంటి తెల్లభాగంలో ఎర్రజీరలు ఎక్కువగా ఉంటే శాచురేషన్ తగ్గించండి, కానీ కాగితంలా తెల్లబరచకండి. అది గుండ్రటి గుడ్డు, దాని అంచుల్లో నీడ ఉండి తీరాలి.

పళ్ళకి హ్యూ/శాచురేషన్ లేయర్లో ఎల్లోస్ ఎంచుకుని శాచురేషన్‌ని మైనస్ 30, మైనస్ 50 మధ్యకి దించండి, లైట్‌నెస్ కొంచెం పెంచండి. మాస్క్‌తో పళ్ళకే పరిమితం చేయండి, చిగుళ్ళ మీదికి పోతే అవి బూడిదరంగు తిరుగుతాయి. పళ్ళు కంటి తెలుపు కంటే తెల్లగా అవ్వకూడదు. రెండింటినీ పక్కపక్కన చూసుకుంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

10. సరిచూసుకోవడం

ముందు లేచి వెళ్ళి ఇరవై నిమిషాలు వేరే పని చేసుకోండి. గంటసేపు చూసిన కన్ను ఏదైనా ఒప్పుకుంటుంది. తిరిగొచ్చాక ఇవి చూడండి.

ఆల్ట్ నొక్కి బ్యాక్‌గ్రౌండ్ లేయర్ కన్ను మీద నొక్కితే ఒరిజినల్ కనిపిస్తుంది, మళ్ళీ నొక్కితే మీ పని. అటూ ఇటూ మారుస్తుంటే "అదే మనిషి, హాయిగా నిద్రపోయి లేచినట్టు" అనిపించాలి. వేరే మనిషిలా అనిపిస్తే బ్యాక్‌గ్రౌండ్ తప్ప మిగతా లేయర్లన్నిటినీ ఒక గ్రూపులో వేసి ఆ గ్రూపు ఒపాసిటీని 70, 80 దగ్గరికి దించి చూడండి. చాలా ఫోటోలు ఈ ఒక్కపనితో నిలబడతాయి. తేడా ఎక్కడో ఒకేచోట ఉంటే గ్రూపుని కాదు, ఆ లేయర్‌నే తగ్గించండి. ఇంతసేపూ విడివిడిగా చేసింది దీనికోసమే.

ఇమేజ్ మెనూలో క్యాన్వాస్‌ని అడ్డంగా తిప్పండి. అద్దంలో చూసినట్టు కాగానే ఒక కన్ను ఎక్కువ వెలగడం, ఒక చెంప నున్నగా ఉండటం లాంటివి ఇట్టే దొరుకుతాయి. చూశాక మళ్ళీ తిప్పి పెట్టడం మరవకండి.

100 శాతంలో నుదురు, చెంప, గడ్డం మీద రంధ్రాలు కనిపిస్తున్నాయా? ఒకచోట ఉండి పక్కనే లేకపోతే అతుకు తెలుస్తుంది. తర్వాత ఫోటోని అరచేయంత చేసి చూడండి. చెకింగ్ గ్రూపు ఒకసారి వెలిగించి పట్టీలు మిగిలాయేమో చూసి, తప్పకుండా ఆపేయండి.

11. సేవ్ చేయడం

లేయర్లతో ఉన్న పీఎస్‌డీని అలాగే ఉంచండి, ఫ్లాటెన్ చేయకండి (లేయర్లన్నీ ఒకటిగా కలిపేయకండి). ఫైలు 2 జీబీ దాటితే పీఎస్‌డీ ఒప్పుకోదు, పెద్ద ఫైళ్ళ కోసం ఉన్న పీఎస్‌బీగా సేవ్ చేయాలి. పంపడానికి ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్ళి విడిగా ఒక జేపీజీ తీయండి, రంగు ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీకి (చాలా స్క్రీన్లు, బ్రౌజర్లు వాడే రంగుల ప్రమాణం) మార్చండి. ఇది మరిచిపోతే మీ స్క్రీన్ మీద బాగున్న చర్మం కొన్ని ఫోన్లలో వెలిసిపోయి కనిపిస్తుంది. క్వాలిటీ 100లో 85, 90 దగ్గర చాలు. షార్పెనింగ్ (అంచులు పదునుగా కనిపించేలా చేయడం) కావాలంటే సైజు తగ్గించాక ఆ నకలు మీదే, అదీ కళ్ళకి, కనురెప్పలకి, జుట్టుకి మాత్రమే చేయండి. చర్మం మీద చేస్తే ఇంతసేపు సర్దినదంతా మళ్ళీ పైకి తేలుతుంది.

ఆ జేపీజీని మీ ఫోన్‌కి పంపుకుని ఒకసారి, వీలైతే మర్నాడు పొద్దున వెలుతురులో ఇంకోసారి చూడండి. ఎక్కువైందనిపిస్తే పీఎస్‌డీ తెరిచి ఆ లేయర్ ఒపాసిటీ పది శాతం దించి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయండి, రెండు నిమిషాల పని.